బైకు ముందరి షాకబ్జర్లు దించే ముందు, బండి బరువు ఎక్కడుందో చూసుకోండి

ముందరి షాకబ్జర్ గొట్టాలను, అంటే ఫోర్కులను, వాటి క్లాంపుల్లోంచి కాస్త పైకి జరిపితే బండి ముందు భాగం అంత కిందికి దిగుతుంది. మేం చేయబోయింది అదే. "గంట పనే గదన్నా, నాలుగు బోల్టులు వదులు చేస్తే అయిపోతది" అన్నాడు మా తమ్ముడు. మిర్యాలగూడలో మా ఇంటి ముందు షాబాద్ బండల మీదనే మొదలుపెట్టాం. మా దగ్గరున్న స్టాండు, ఫోర్కుల అడుగున పట్టి ముందు చక్రాన్ని లేపే రకం. వాడు పై టీ, కింది టీ (ఫోర్కులను పైనా కిందా పట్టి ఉంచే క్లాంపులు) బోల్టులన్నీ వదులు చేశాడు. ఫోర్కులు స్టాండు మీద కదలకుండా ఉన్నాయి. బండి మాత్రం వాటి మీదుగా సర్రున జారి కిందికి దిగింది. మడ్‌గార్డుకీ రేడియేటర్‌కీ మధ్య వాడి చెయ్యి నలిగింది. రెండు వేళ్లకు కుట్లు పడ్డాయి.

అందుకే చెబుతున్నా. ఈ పనికి ఫోర్కులను పట్టే స్టాండు వద్దే వద్దు. హ్యాండిల్ స్టెమ్ (హ్యాండిల్ తిరిగే నడిమి కడ్డీ) కింద ఉండే రంధ్రంలోకి పిన్ను ఎక్కించి లేపే స్టాండు కావాలి. దానికంటే ముందు వెనక చక్రాన్ని ప్యాడాక్ స్టాండు (వెనక చక్రాన్ని లేపి నిలబెట్టే స్టాండు) మీద ఎక్కించాలి. ఇంజను కింద జాకీ పెడదామనుకోకండి, చాలా స్పోర్ట్స్ బండ్లకు అక్కడ సైలెన్సర్ పైపు ఉంటుంది. నున్నటి బండల మీద నీళ్లో ఆయిలో పడితే స్టాండు జారుతుంది, గరుకు సిమెంటు నేల చూసుకోండి. పక్కన ఒక మనిషి బండి పట్టుకుని ఉండాలి. ఈ పిన్ను స్టాండు దొరకకపోతే పని వాయిదా వేయండి.

బోల్టు ముట్టుకోకముందే, పై టీ మీద ఫోర్కు గొట్టం ఎంత పైకి ఉందో వెర్నియర్‌తో రెండువైపులా కొలిచి రాసుకోండి. మొదటిసారి గొట్టాన్ని 5 మిల్లీమీటర్లకు మించి పైకి జరపవద్దు. హ్యాండిళ్లు పై టీ కింద బిగించి ఉంటే వాటి బోల్టులు కూడా వదులు చేయాలి, లేకపోతే గొట్టం పైకి రాదు. రెండువైపులా కొలత సమానంగా లేకపోతే ఇరుసు మెలిపడుతుంది.

బండి ముందు భాగం దిగిన కొద్దీ హ్యాండిల్ చురుగ్గా తిరుగుతుంది. వంపుల్లో అది బాగానే ఉంటుంది. కానీ నార్కట్‌పల్లి దాటి విజయవాడ హైవే మీద వేగంగా పోతూ గుంతలో పడితే అదే హ్యాండిల్ చేతుల్లో కొట్టుకుంటుంది. ఇక నాట్ల కాలంలో కేజ్‌వీల్ ట్రాక్టర్లు చీల్చిన ఊరి రోడ్ల మీద షాకబ్జర్ అడుగుదాకా దిగుతుంది. అప్పుడు టైరు రేడియేటర్‌కో ఫెయిరింగ్‌కో (బండి ముందరి ప్లాస్టిక్ తొడుగు) తగులుతుందా అన్నదే అసలు టెన్షన్. మెరిసే లోపలి గొట్టానికి ఒక ప్లాస్టిక్ ట్యాగ్ చుట్టండి. స్పీడ్ బ్రేకర్లు దాటాక అది ఎక్కడికి జరిగిందో చూస్తే ఎంత దిగిందో తెలుస్తుంది.

కాళ్లు అందట్లేదని దించుతున్నారా? ముందు ఒక్కటే దించితే సీటు పెద్దగా తగ్గదు. సీటు ఫోమ్ కోయించుకోవడం మేలు. వెనక కూడా దించితే సైడ్ స్టాండు పొడుగైపోయి, బండి నిటారుగా నిలబడి కుడివైపు పడిపోతుంది.

బిగించేటప్పుడు టార్క్ రెంచ్ (ఎంత బిగువు పడిందో చూపే రెంచ్) వాడండి, లెక్క మీ బండి సర్వీస్ మాన్యువల్‌లో ఉంటుంది. కింది టీకి ఒక్కోవైపు రెండు బోల్టులుంటే మార్చి మార్చి కొద్దికొద్దిగా బిగించండి. గట్టిగా ఉండాలని బలమంతా పెడితే గొట్టం నొక్కుకుపోయి షాకబ్జర్ పట్టేస్తుంది. తర్వాత హ్యాండిల్ రెండువైపులా చివరిదాకా తిప్పి చూడండి: బ్రేకు పైపు, ఏబీఎస్ వైరు లాగకూడదు, బొటనవేలు ట్యాంకుకు నలగకూడదు. హెడ్‌లైట్ వెలుగు కిందికి దిగి ఉంటుంది, సరిచేసుకోండి. మొదటి 50 కిలోమీటర్లు కాలనీలోనే నెమ్మదిగా తిప్పి, బోల్టులన్నీ మళ్లీ ఒకసారి రెంచ్ పెట్టి చూడండి.