కోళ్ల షెడ్డులో డీజిల్ వేడిగాలి హీటర్ బిగించే ముందు

అనంతపురంలో పగటి ఎండ చూసి చలికాలాన్ని తేలికగా తీసుకుంటాం. తెల్లవారుజామున కోడిపిల్లలు గుంపుగా ఒకదానిపై ఒకటి ఎక్కినప్పుడు హీటర్ గుర్తొస్తుంది. ఆ తొందరలోనే తప్పులు జరుగుతాయి.

పొగ గొట్టం షెడ్డు కప్పును దాటి పైకి వెళ్లాలి, అతుకుల వద్ద సందు ఉండకూడదు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పరదాలు దించిన షెడ్డులో పిల్లలకే కాదు, లోపల పడుకునే కాపలా మనిషికీ ప్రాణాంతకం. గొట్టమే లేని రకం చవకగా దొరుకుతుంది; మూసిన షెడ్డుకు వద్దే వద్దు.

పరదా పైభాగాన జానెడు సందు వదలండి. గాలి చాలకపోతే డీజిల్ సరిగా మండదు, విషవాయువు పెరుగుతుంది.

హీటర్‌ను సిమెంటు దిమ్మెపై పెట్టండి. కింద పరిచిన వేరుశనగ పొట్టుకు నిప్పురవ్వ చాలు.

డీజిల్ ట్యాంకు బయట, దానికొక వాల్వు. మంట వస్తే లోపలికి పరుగెత్తకుండా అక్కడే కట్టేయవచ్చు.

వాడేసిన ఇంజన్ ఆయిల్ కలపకండి, డీజిల్ చిమ్మే నాజిల్ పూడుకుపోతుంది.

ఆపేటప్పుడు ప్లగ్గు లాగవద్దు. మంట ఆరాక ఫ్యాను తిరిగి లోపలి వేడిని తీయాలి. కరెంటు పోయినా ఇదే ఇబ్బంది, కాబట్టి జనరేటర్‌కు కలపండి.

కోడిపిల్లలు షెడ్డులో దిగే ముందు ఒక రాత్రంతా నడిపి చూడండి. థర్మామీటరు పిల్లల ఎత్తులో ఉండాలి. మొదటి వారం 32–35 డిగ్రీలు.