డేటా పైప్‌లైన్‌లో మార్పు చేసేముందు కింద ఎవరికి దెబ్బ తగులుతుందో చూసుకోవడం ఎలా

పైప్‌లైన్ అంటే ఒక టేబుల్ నుంచి ఇంకోటి, చివరికి రిపోర్టు తయారుచేసే జాబుల వరుస; దాని డేటాని వాడుకునేవాళ్లే "కింద" ఉన్నవాళ్లు. అందులో ఏదైనా మార్చబోతే అందరూ ముందు అడిగేది "ఏం ఆగిపోతుంది?" అనే. అడగాల్సిందే, కానీ ఆగిపోయేవాటితో పెద్ద గొడవ లేదు: కాలమ్ తీసేస్తే దాన్ని వాడే జాబ్ ఎర్రర్ కొట్టి ఆగుతుంది, ఎవరో ఒకరు మెసేజ్ పెడతారు, సరిచేస్తాం. టెన్షన్ పడాల్సింది జాబులన్నీ చక్కగా పూర్తయి, రిపోర్టులో అంకె మాత్రం తప్పొచ్చే మార్పుల గురించి.

కాబట్టి ముందు మీ మార్పు ఏ రకమో తేల్చుకోండి. పన్ను కలిపి వచ్చే మొత్తం ఇకమీదట పన్ను లేకుండా వస్తుందా? కాలమ్ పేరు అదే, టైపు అదే, ఎక్కడా ఎర్రర్ రాదు. స్టేటస్‌లో కొత్త విలువ చేరుతుందా? కింద ఎవరో రాసుకున్న కేస్ స్టేట్‌మెంట్‌లో అది నేరుగా ఎల్స్‌లో, అంటే "మిగతావన్నీ" అనే గంపలో పడుతుంది. టైమ్ లోకల్ నుంచి యూటీసీకి (ప్రపంచ ప్రామాణిక సమయానికి) మారితే అర్ధరాత్రికి అటూ ఇటూ ఉన్న రికార్డులు పక్క రోజు లెక్కలోకి పోతాయి. ఇదివరకు నల్ (ఖాళీ విలువ) రాని కాలమ్‌లో నల్ రావడం మొదలైతే ఇంకా చిత్రం: "ఈ జాబితాలో లేనివి ఇవ్వు" అనే నాట్ ఇన్‌లో వాడే సబ్‌క్వెరీలో ఒక్క నల్ ఉన్నా చాలు, ఫలితంలో ఒక్క వరుస కూడా రాదు. వీటన్నిటికంటే ఘోరం, ఆర్డర్‌కి ఒక వరుస ఉన్న టేబుల్‌ని ఐటమ్‌కి ఒక వరుసగా మార్చడం, ఎందుకంటే దాంతో వేరే టేబుల్‌ని జాయిన్ చేసిన (కలిపిన) ప్రతిచోటా వరుసలు పెరిగి మొత్తాలు ఉబ్బిపోతాయి.

కాలమ్ చేర్చడం మాత్రం సేఫే కదా అంటారు. చాలావరకు సేఫే. కానీ కాలమ్ పేర్లు రాయకుండా చేసే ఇన్సర్ట్, సెలెక్ట్ స్టార్ (అన్ని కాలమ్‌లూ తెచ్చేది) మీద కట్టిన యూనియన్ ఆల్, హెడర్ చూడకుండా వరుసక్రమాన్ని నమ్ముకుని సీఎస్‌వీ చదివే స్క్రిప్టు, ఇవన్నీ దీనికే పడిపోతాయి. డీబీటీలో (ఎస్‌క్యూఎల్‌తో టేబుళ్లు కట్టే టూల్), ఉన్న టేబుల్‌కి కొత్త డేటానే చేర్చుకుంటూ పోయే ఇంక్రిమెంటల్ మోడల్స్‌లో ఆన్ స్కీమా చేంజ్ అనే సెట్టింగ్ డిఫాల్ట్‌గా ఇగ్నోర్ మీద ఉంటుంది, అంటే మీరు చేర్చిన కాలమ్ ఇప్పటికే ఉన్న టేబుల్‌లోకి అసలు రాదు, రన్ మాత్రం పాస్ అవుతుంది.

ఇక ఎవరెవరు వాడుతున్నారో వెతకాలి. డీబీటీ ఉంటే మోడల్ పేరు వెనక ప్లస్ గుర్తు పెట్టి లిస్ట్ తీస్తే కింద ఉన్నవన్నీ వస్తాయి. అయితే డీబీటీకి తన ప్రాజెక్టులో రాసినవే తెలుసు. డాష్‌బోర్డు టూల్‌లో ఎవరో నేరుగా రాసుకున్న క్వెరీ గానీ, పక్క టీమ్ నోట్‌బుక్ గానీ, ఎక్స్‌పోజర్‌గా (బయట వాడకాన్ని నమోదు చేసే చోట) ఎవరైనా రాసిపెడితే తప్ప దానికి కనిపించవు. అందుకే ఏది దేన్నుంచి వస్తుందో చూపే లినియేజ్ బొమ్మకంటే క్వెరీ లాగ్‌నే నేను ఎక్కువ నమ్ముతాను. స్నోఫ్లేక్ అనే డేటా వేర్‌హౌస్ ఎంటర్‌ప్రైజ్ ఎడిషన్‌లో యాక్సెస్ హిస్టరీ ఏ కాలమ్‌ని ఎవరు చదివారో ఏడాది వరకు చూపిస్తుంది. గూగుల్ వేర్‌హౌస్ బిగ్‌క్వెరీ జాబ్స్ వ్యూలో 180 రోజుల చరిత్ర ఉంటుంది, కానీ అందులో ఏ టేబుళ్లు వాడారన్న జాబితా క్యాష్ నుంచి జవాబు వచ్చిన క్వెరీలకి నిండదు, అది గుర్తుంచుకోండి. గత వారం లాగ్ చూసి "ఎవరూ వాడట్లేదు" అని తేల్చేయకండి, క్వార్టర్ చివర ఒక్కసారే నడిచే జాబులుంటాయి. డాష్‌బోర్డులన్నీ ఒకే సర్వీస్ అకౌంట్ మీద నడుస్తుంటే లాగ్‌లో మనుషులు కనపడరు, క్వెరీ టెక్స్ట్ చదవాల్సిందే. ఫైలుగా బయటికి వెళ్లిపోయిన డేటా దారి ఏ లాగ్‌లోనూ దొరకదు, దానికి నోరు తెరిచి అడగడమే.

లిస్ట్ పెద్దగా వస్తే కాలమ్ స్థాయికి దిగి కుదించండి. సెలెక్ట్‌లో వాడితే ఆ విలువ ఒక్కటే మారుతుంది, వేర్ షరతులోనో జాయిన్‌లోనో వాడితే ఏ వరుసలు వస్తాయన్నదే మారిపోతుంది, కాబట్టి రెండో రకాన్ని ముందు చూడండి. లినియేజ్ నమోదుకి వాడే ఓపెన్‌లినియేజ్ స్టాండర్డ్‌లో ఈ రెండిటినీ డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అని వేరు చేసే వీలుంది.

తర్వాత అసలు పని: కొత్త వెర్షన్‌ని, దాని కింద ముఖ్యమైన టేబుళ్లని వేరే స్కీమాలో (టేబుళ్లకి విడి ఫోల్డర్ లాంటిది) కట్టి పాతవాటితో పోల్చడం. ఇన్‌పుట్ రెండిటికీ ఒకే స్నాప్‌షాట్ అయి ఉండాలి, లేకపోతే మధ్యలో వచ్చిన కొత్త డేటాని మీ మార్పు ప్రభావమనుకుని తల పట్టుకుంటారు. ఏ కాలమ్‌లో దాదాపు ఎంత తేడా రావాలో పోల్చకముందే రాసిపెట్టుకోండి. అంకెలు చూశాక ఏ తేడాకైనా ఒక కారణం దొరికేస్తుంది మరి. వరుసల సంఖ్య, కీ డూప్లికేట్లు, నల్స్, రోజువారీ మొత్తాలు, ఇవి చాలావరకు పట్టిస్తాయి. ఒక టేబుల్‌లో ఉండి రెండోదాంట్లో లేని వరుసలు చూపే ఎక్సెప్ట్ వాడితే రెండు వైపులా వేయండి, కానీ అది డూప్లికేట్లని తీసేసి పోలుస్తుంది గనక ఒకే వరుస రెండుసార్లు వచ్చినా ఏ తేడా లేదంటుంది. కీ వారీగా కౌంట్ కూడా చూసుకోవాలి.

పాత డేటా సంగతి మర్చిపోయేవాళ్లే ఎక్కువ. ఇంక్రిమెంటల్ టేబుల్‌లో నిన్నటిదాకా ఒక అర్థం, రేపట్నుంచి ఇంకో అర్థం అయితే ఆ గ్రాఫ్ చూసేవాళ్లు వ్యాపారంలో ఏదో జరిగిందనుకుంటారు. బ్యాక్‌ఫిల్ (పాత డేటాని కొత్త లెక్కతో మళ్లీ నింపడం) చేస్తారో, లేదో, చేయకపోతే ఏ తేదీ నుంచి మారిందో ముందే చెప్పండి. పాత డేటాతో ట్రెయిన్ అయిన ఎంఎల్ మోడల్ ఉంటే ఆ టీమ్‌తో విడిగా మాట్లాడండి, ఎందుకంటే వాళ్ల దగ్గర ఎర్రర్ రాదు, అంచనాలే మెల్లగా పాడవుతాయి.

విడుదలకి పాత కాలమ్ పక్కనే కొత్త పేరుతో కొత్తది పెట్టి, పాతదాన్ని చదివేవాళ్లు లాగ్‌లో లేకుండా పోయాక తీసేయడం మేలు. డేటా మెసేజ్‌లుగా ప్రవహించే కాఫ్కా అయితే, మెసేజ్ నిర్మాణాన్ని చెక్ చేసే కాన్‌ఫ్లుయెంట్ స్కీమా రిజిస్ట్రీలో డిఫాల్ట్ బ్యాక్‌వర్డ్ కంపాటిబిలిటీ, అంటే కన్స్యూమర్లని (మెసేజ్‌లు చదివే ప్రోగ్రాముల్ని) ముందు అప్‌గ్రేడ్ చేయాలి, చాలామంది తిరగేసి చేస్తారు. ఆ చెక్ స్కీమానే, అంటే ఫీల్డుల పేర్లు, టైపుల్నే చూస్తుంది, పన్ను కలిసిందో లేదో దానికి తెలీదు. మెసేజ్ పెట్టేటప్పుడు "రీఫ్యాక్టర్ చేస్తున్నాం" అంటే ఎవరూ చదవరు, "ఫలానా రిపోర్టులో ఫలానా అంకె ఇంత తగ్గుతుంది" అని రాయండి. వెనక్కి తిప్పుకోవడానికి పాత టేబుల్ కాపీ ఉంచుకోండి, అయితే మెయిల్‌లోనో ఫైల్‌లోనో బయటికి వెళ్లిపోయిన అంకెల్ని రోల్‌బ్యాక్ వెనక్కి తేలేదు గనక అలా బయటికి పంపే జాబుల్ని అన్నిటికంటే చివర మార్చండి.