ఇరవై ఆరు లక్షల కాయల లెక్క విప్పడం

అంబాజీపేటలో ఓ కొబ్బరి కొట్లో ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేశానండి. మాస్టార్లు సంఖ్య అనమంటారు గానీ, మా కొట్లో అన్నీ అంకెలే. ఓ ఏడాది ఆఖర్న మొత్తం కాయలు రోజువారీ పద్దు రాసే చిట్టాలో 26,01,144, దాన్నుంచి ఖాతాలకి ఎక్కించే ఆవర్జాలో 26,10,144 తేలాయి. తొమ్మిది వేల కాయలు తేడా! షావుకారు గారి చూపు చెట్లెక్కి కాయలు దింపేవాళ్ల మీదకి పోయింది. నేను ముందు ఆ తేడానే చూశాను. పక్కపక్క అంకెలు తారుమారైతే తేడా ఎప్పుడూ తొమ్మిదితో శేషం లేకుండా పోతుంది. తొమ్మిదితో పోయిన ప్రతి తేడా తారుమారే అని కాదు, కానీ ముందు వెతకాల్సింది అక్కడే. వెతికితే 01ని 10గా ఎక్కించిన చేతిరాత నాదే.

పెద్ద అంకె ఏదొచ్చినా ఇలా విప్పండి, అంటే ఏ చిన్న అంకెలతో శేషం లేకుండా పోతుందో చూడండి. మన ఒప్పు మొత్తం 26,01,144నే తీసుకుందాం. చివరి మూడంకెలు 144, ఎనిమిదితో పోతుంది. వెయ్యి ఎలాగూ ఎనిమిదితో పోతుంది కాబట్టి ఎడమవైపు చూడక్కర్లేదు. అంకెలన్నీ కూడితే 18, అంటే తొమ్మిదితోనూ పోతుంది. అయితే తప్పు మొత్తం కూడినా 18 యే వస్తుంది! తారుమారుని పట్టాలంటే పదకొండు పరీక్ష కావాలి: కుడి నుంచి ఒక అంకె కలుపుతూ, తర్వాతి అంకె తీసేస్తూ రండి. ఒప్పు మొత్తానికి −4, తప్పుదానికి −2, తేడా దొరికిపోయింది.

ఏడుకీ పదమూడుకీ వేరే పరీక్షలెందుకు? 7×11×13 = 1001. అందుకని కుడి నుంచి మూడేసి అంకెలు కోయండి: 2, 601, 144. మా మనవడు ఇక్కడే తప్పాడు, కామాలున్న చోట కోశాడు. మన కామాలు లక్షల కోసం, వాటిని మర్చిపోవాలి. 144 − 601 + 2 = −455. ఈ 455 ఏడుతో పోతుంది, పదమూడుతో పోతుంది, పదకొండుతో పోదు.

ఇక భాగించడమే. ఎనిమిదితో 3,25,143, దాన్ని తొమ్మిదితో 36,127, ఏడుతో 5,161, పదమూడుతో 397. ఇరవై ఇరవైలు నాలుగు వందలు కాబట్టి 397ని 19 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలతో చూస్తే చాలు. దేనితోనూ పోదు, అదీ ప్రధానమే.

ఎనిమిదిలో 2 అనేది మూడుసార్లు, తొమ్మిదిలో 3 అనేది రెండుసార్లు, మిగతా 7, 13, 397 ఒక్కోసారి వచ్చాయి. ఎన్నిసార్లు వచ్చిందో ఆ లెక్కకి ఒక్కోదానికి ఒకటి కలిపి గుణిస్తే 4×3×2×2×2 = 96. కాయ మిగలకుండా సమానంగా రాశులు పోయడానికి 96 దారులన్నమాట. ఏడు రాశులైతే రాశికి 3,71,592 కాయలు. పదకొండు రాశులు పోస్తే మాత్రం, ఇందాకటి −4కి పదకొండు కలపండి, ఏడు కాయలు మిగులుతాయి. అవి అయినవిల్లి వినాయకుడికి కొట్టేయొచ్చు.