కొత్త అక్వేరియంలో చేపలు నిలవడం లేదా? తొట్టె కుదురుకోవడానికి ఇలా చేయండి

గాజు తొట్టె తెచ్చారు, గులకరాళ్లు కడిగి పరిచారు, నీళ్లు నింపి ఫిల్టర్ తగిలించారు, మర్నాడే చేపలను వదిలారు. నాలుగో రోజుకు నీళ్లు పాలు కలిపినట్టు అయ్యాయి. వారం తిరిగేసరికి ఒక చేప పైకొచ్చి నోరు తెరుచుకుంటోంది, ఇంకొకటి మూలన కదలకుండా ఉంది. కంగారుపడి నీళ్లన్నీ పారబోసి, ఫిల్టర్‌ను కుళాయి కింద తోమి, మళ్లీ కొత్త నీళ్లు పట్టారు. అయినా చేపలు పోతూనే ఉన్నాయి.

అక్వేరియం మొదలుపెట్టిన చాలామందికి జరిగేది ఇదే, చాలామంది మానేసేది కూడా ఇక్కడే. మానేయకండి. కొత్త తొట్టెల్లో చేపలు ఎక్కువగా చనిపోయేది తమ ఒంట్లోంచి వచ్చిన అమ్మోనియా వల్లే. దాన్ని విరిచేసే బ్యాక్టీరియా ఫిల్టర్‌లో స్థిరపడటానికి మామూలుగా నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది. అంతా ఖాళీ చేసి కడిగిన ప్రతిసారీ ఆ లెక్క దాదాపు ఒకటో రోజుకు వస్తుంది. అంటే మీరు శ్రద్ధగా చేసిన శుభ్రమే తొట్టెను కుదురుకోనివ్వలేదు. అందులో సిగ్గుపడాల్సింది లేదు. ముందు తెలియాల్సిన సంగతి ఎవరూ చెప్పలేదు, అంతే.

నీళ్లలో జరుగుతున్నది

చేపలు మొప్పల ద్వారా అమ్మోనియాను వదులుతూనే ఉంటాయి. తినగా మిగిలిన మేత కుళ్లినా అదే పుడుతుంది. ఒక రకం బ్యాక్టీరియా ఈ అమ్మోనియాను నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే. అది రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేదు, మొప్పలు గోధుమరంగుకు తిరుగుతాయి, నీళ్లలో గాలి ఉన్నా చేప ఊపిరాడక తపిస్తుంది. రెండో రకం బ్యాక్టీరియా నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ ప్రమాదం చాలా తక్కువ. కొంత మొక్కలు పీల్చుకుంటాయి, మిగతాది మీరు నీళ్లు మార్చినప్పుడు పోతుంది.

ఈ బ్యాక్టీరియా చాలావరకు నీళ్లలో తేలుతూ ఉండదు. ఫిల్టర్ స్పాంజ్‌కు, గులకరాళ్లకు, గాజుకు పొరలా అంటుకుని ఉంటుంది. అందుకే నీళ్లు సగం మార్చినా దానికేమీ కాదు, స్పాంజ్‌ను క్లోరిన్ ఉన్న కుళాయి నీళ్లలో కడిగితే మాత్రం చచ్చిపోతుంది.

ఇంకో సంగతి. పరీక్షలో ఒకే అమ్మోనియా అంకె వచ్చినా అన్ని తొట్టెల్లోనూ దాని తీవ్రత ఒకేలా ఉండదు. 25 డిగ్రీల వేడిలో, పీహెచ్ (నీళ్లు ఆమ్లమా క్షారమా చెప్పే అంకె) 7 ఉన్నప్పుడు మొత్తం అమ్మోనియాలో సుమారు అర శాతమే విషరూపంలో ఉంటుంది. పీహెచ్ 8 అయితే అది 5 శాతం దాటుతుంది. గట్టి నీళ్లు (ఖనిజ లవణాలు ఎక్కువున్నవి), ఎక్కువ పీహెచ్ ఉన్నచోట చేపలు మరింత త్వరగా పోవడానికి కారణం ఇదే.

చేపలు ఇప్పటికే తొట్టెలో ఉంటే

ముందు కొలవండి. అమ్మోనియా, నైట్రైట్, నైట్రేట్, పీహెచ్ చూసే టెస్ట్ కిట్ లేకుండా ఏం చేసినా చీకట్లో తడుముకోవడమే. కాగితపు పట్టీల కంటే చుక్కలు వేసి రంగు చూసే కిట్ నమ్మదగింది. నైట్రేట్ సీసాను కిట్‌లో చెప్పినంతసేపూ గట్టిగా ఊపాలి, లేకపోతే అంకె తక్కువగా చూపిస్తుంది.

అమ్మోనియా, నైట్రైట్ రెండూ కలిపి 0.5 పీపీఎం (లీటరుకు 0.5 మిల్లీగ్రాము) దాటితే ఆరోజే సగం నీళ్లు మార్చండి. అంతకంటే తక్కువగా ఉంటే పావు వంతు చాలు. మర్నాడు మళ్లీ కొలవండి, మళ్లీ మార్చండి. రెండు మూడు వారాలపాటు దాదాపు రోజూ చేయాల్సి రావచ్చు. విసుగే, కానీ చేపల ప్రాణం నిలిపేది ఈ పనే.

పోసే నీళ్లు తొట్టె నీళ్ల వేడికి ఒకటి రెండు డిగ్రీల తేడాలో ఉండాలి, ముందే డీక్లోరినేటర్ (క్లోరిన్‌ను విరిచే ద్రావణం) కలిపి ఉండాలి. నీళ్లను బకెట్‌లో ఒక రోజు నిలవ ఉంచితే క్లోరిన్ చాలావరకు ఎగిరిపోతుంది గానీ క్లోరమిన్ (క్లోరిన్, అమ్మోనియా కలిసిన మందు) కలిపిన నీళ్లయితే అలా పోదు. మీకు వచ్చే నీళ్లలో ఏది కలుపుతారో తెలియకపోతే డీక్లోరినేటర్ వాడటమే మేలు. బోరు నీళ్లలో సాధారణంగా క్లోరిన్ ఉండదు, అయితే పీహెచ్, గట్టితనం ఒకసారి చూసుకోవాలి.

మేత తగ్గించండి. రోజు విడిచి రోజు, అదీ ఒక్క నిమిషంలో తినేసేంతే. ఎదిగిన ఆరోగ్యమైన చేపలు కొన్ని రోజులు మేత లేకున్నా బాగానే ఉంటాయి. మిగిలిపోయిన మేతే వాటికి ప్రాణాంతకం.

నైట్రైట్ కనిపిస్తుంటే 50 లీటర్లకు ఒక చెంచా, అంటే సుమారు 5 గ్రాముల ఉప్పు, వేరే గిన్నెలో కరిగించి మెల్లగా పోయండి. ఉప్పులోని క్లోరైడ్ నైట్రైట్‌ను మొప్పల దగ్గర అడ్డుకుంటుంది. సగం నీళ్లు మార్చినప్పుడు అర చెంచా మళ్లీ కలపండి.

ఈ రోజుల్లో ఫిల్టర్‌ను కడగొద్దు, ఆపొద్దు. పోయిన చేప స్థానంలో కొత్తది తేవద్దు. ఏ జబ్బో తెలియకుండా యాంటీబయాటిక్ మందులు అసలు వేయొద్దు, వాటిలో కొన్ని ఫిల్టర్‌లోని బ్యాక్టీరియానూ దెబ్బతీస్తాయి.

అన్నిటికంటే మంచి సాయం ఒకటుంది. నెలల తరబడి ఆరోగ్యంగా నడుస్తున్న తొట్టె ఎవరిదైనా ఉంటే, వారి ఫిల్టర్ స్పాంజ్‌లో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. ఆ తొట్టె నీళ్లలోనే తడిగా ఉంచి, ఇంటికి రాగానే మీ ఫిల్టర్‌లో పెట్టండి. ఆరు వారాల పని ఒకటి రెండు వారాలకు దిగుతుంది.

మొదటి నుంచి మొదలుపెట్టేవారికి

చిన్న తొట్టె అయితే సులువని అనుకుంటారు. నిజానికి అదే కష్టం. నీళ్లు తక్కువైన కొద్దీ చిన్న పొరపాటుకే విషం పెరుగుతుంది, వేడి త్వరగా మారుతుంది. 60 సెంటీమీటర్ల పొడవు, 30 వెడల్పు, 36 ఎత్తు ఉన్న తొట్టె మొదటిసారికి సరిపోతుంది. గులకరాళ్లు, పైన వదిలిన జాగా పోగా అందులో 50 నుంచి 55 లీటర్ల నీళ్లు పడతాయి. గాజుతో, రాళ్లతో కలిపి బరువు 80 కిలోల దాకా వెళ్తుంది కాబట్టి బల్ల గట్టిగా, సమతలంగా ఉండాలి. అడుగున ఫ్రేమ్ లేని తొట్టె కింద పలుచని ఫోమ్ షీట్ వేయండి. ఎండ నేరుగా పడే కిటికీ పక్కన పెట్టకండి.

గులకరాళ్లు నాలుగు సెంటీమీటర్ల మందం పరచడానికి సుమారు 11 కిలోలు కావాలి. నీళ్లు తేటగా వచ్చేదాకా కడగండి, సబ్బు మాత్రం తగలనివ్వొద్దు. ఎయిర్ పంప్‌తో నడిచే స్పాంజ్ ఫిల్టర్ ఈ పరిమాణానికి సరిపోతుంది. మోటారు ఫిల్టర్ అయితే గంటకు 200 నుంచి 300 లీటర్లు తిప్పేది చూడండి. ఎయిర్ పంప్‌ను నీటి మట్టం కన్నా కిందుగా పెడితే గొట్టంలో చెక్ వాల్వ్ తప్పనిసరి. అది లేకపోతే కరెంటు పోయినప్పుడు నీళ్లు వెనక్కి పంప్‌లోకి వస్తాయి. నీళ్లు చల్లబడే చోట 50 నుంచి 75 వాట్ల హీటర్ పెట్టి 25 డిగ్రీలకు తిప్పండి. ప్రతి తీగా ప్లగ్ కంటే కిందికి వంగి మళ్లీ పైకి వెళ్లేలా ఉంచండి, తీగ వెంట జారిన నీటి చుక్క ప్లగ్‌లోకి పోకుండా కింద రాలిపోతుంది.

జావా ఫెర్న్, అనూబియాస్, హార్న్‌వర్ట్ లాంటి మొండి మొక్కలు మొదటి రోజే పెట్టండి. అవి అమ్మోనియాను పీల్చుకుంటాయి. జావా ఫెర్న్, అనూబియాస్‌ల దుంపను మాత్రం రాళ్లలో పూడ్చొద్దు, కుళ్లిపోతుంది. దారంతో కర్రకో రాయికో కట్టాలి.

చేపలు లేకుండా ఫిల్టర్‌ను సిద్ధం చేయడం

బ్యాక్టీరియా పెరగాలంటే దానికి అమ్మోనియా కావాలి. దాన్ని చేపలతో కాకుండా మనమే పోస్తే ఏ ప్రాణికీ బాధ ఉండదు. 10 గ్రాముల స్వచ్ఛమైన అమ్మోనియం క్లోరైడ్‌ను ఒక లీటర్ నీళ్లలో కరిగించి సీసాలో పోసి, పేరు రాసి పిల్లలకు అందకుండా పెట్టండి. 50 లీటర్ల తొట్టెలో ఈ ద్రావణం 31 మిల్లీలీటర్లు పోస్తే అమ్మోనియా 2 పీపీఎం అవుతుంది. అరగంట ఆగి కొలిచి చూసుకోండి. ఎక్కువ పోస్తే త్వరగా అవుతుందనుకోవద్దు. 4, 5 పీపీఎం దాటితే పని ఇంకా నెమ్మదిస్తుంది. చిటికెడు మేత రోజూ వేసి కుళ్లనివ్వడం పాత పద్ధతి. పని చేస్తుంది, కానీ ఎంత అమ్మోనియా పుట్టిందో లెక్క ఉండదు.

ఫిల్టర్ పగలూ రాత్రీ నడవాలి. రెండు రోజులకోసారి కొలిచి కాగితం మీద రాసుకోండి. మొదటి వారం ఏ మార్పూ కనిపించకపోవచ్చు. రెండో వారంలో అమ్మోనియా తగ్గుతూ నైట్రైట్ పైకి లేస్తుంది. అమ్మోనియా సున్నాకు దగ్గరైనప్పుడల్లా మళ్లీ 1 నుంచి 2 పీపీఎం అయ్యేలా పోయండి.

ఆ తర్వాత వచ్చే దశలోనే ఎక్కువమంది ఓపిక నశించి చేపలు తెచ్చేస్తారు. నైట్రైట్ పెరిగి, రోజుల తరబడి, ఒక్కోసారి రెండు మూడు వారాలు, కిట్‌లోని ముదురు రంగు దగ్గరే ఆగిపోతుంది. ఏదో చెడిపోయిందనిపిస్తుంది. చెడిపోలేదు. రెండో రకం బ్యాక్టీరియా మొదటిదాని కంటే నెమ్మదిగా పెరుగుతుంది, పైగా నైట్రైట్ పుట్టాకే దానికి తిండి దొరకడం మొదలవుతుంది. అంకె 5 పీపీఎం దాటితే సగం నీళ్లు మార్చి, అమ్మోనియా మోతాదు సగానికి తగ్గించి వేచి ఉండండి. తర్వాత ఒకరోజు నైట్రైట్ ఉన్నట్టుండి పడిపోతుంది.

నిజంగానే ఆగిపోయే సందర్భం ఒకటుంది: పీహెచ్ 6.5 కంటే దిగజారడం. ఈ బ్యాక్టీరియా పనిచేస్తున్నకొద్దీ నీళ్లలోని క్షార గుణం ఖర్చవుతుంది, మెత్తటి నీళ్లలో అది త్వరగా అయిపోతుంది. 50 లీటర్లకు ఒక చెంచా వంటసోడా కరిగించి పోస్తే మళ్లీ కదులుతుంది. చేపలున్న తొట్టెలో ఇలా ఒక్కసారిగా పోయకూడదు. పీహెచ్ పెరిగితే అక్కడున్న అమ్మోనియాలో విషభాగం కూడా పెరుగుతుంది.

2 పీపీఎం అమ్మోనియా పోసిన 24 గంటల్లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపిస్తే ఫిల్టర్ సిద్ధమైనట్టే. మర్నాడు ఇంకోసారి పోసి సరిచూసుకోండి. ఆ తర్వాత నైట్రేట్ 20 పీపీఎం చుట్టుపక్కలకు దిగేలా ఎక్కువ నీళ్లు మార్చి, ఒకటి రెండు రోజుల్లోనే చేపలు తెండి. ఆలస్యం చేస్తే తిండి లేక బ్యాక్టీరియా నీరసిస్తుంది.

చూసి బెదిరిపోనవసరం లేనివి

నీళ్లు పాలలా తెల్లబడటం: ఇది నీళ్లలో తేలే వేరే రకం బ్యాక్టీరియా ఒక్కసారిగా పెరగడం. మేత తగ్గించి వదిలేస్తే కొన్ని రోజుల్లో తేటపడుతుంది. గాజు మీద గోధుమరంగు పొడి: కొత్త తొట్టెల్లో మామూలే, తుడిస్తే పోతుంది, నెల రెండు నెలల్లో దానంతటదే ఆగుతుంది. కొత్త కర్ర మీద తెల్లటి జిగురు: హానిలేదు, పాత బ్రష్‌తో రుద్దేయండి. మొక్కల పాత ఆకులు కరిగిపోవడం: నర్సరీలో నీళ్లపైన పెరిగిన ఆకులు నీళ్లలో నిలవవు, కొత్త చిగురు వస్తుంటే మొక్క బతికినట్టే, కుళ్లిన ఆకులు మాత్రం తీసేయండి. నీళ్లు పచ్చబడితే వెలుతురు ఎక్కువైంది. లైటును టైమర్‌తో రోజుకు 6 గంటలకు కుదించండి.

చేపలను వదలడం

ఒకేసారి అన్నీ వద్దు. మొదట ఆరు చిన్న చేపలు. రెండు వారాలు అమ్మోనియా, నైట్రైట్ సున్నా దగ్గరే ఉంటే తర్వాతి విడత. జీబ్రా డానియోలు ఓర్పున్న చేపలు, ఆరుకు తగ్గకుండా గుంపుగా ఉంచాలి. గట్టి నీళ్లున్నవారికి గప్పీలు, ప్లాటీలు నప్పుతాయి. మగవాటినే తెచ్చుకోండి, లేకపోతే నెలల్లోనే తొట్టె పిల్లలతో నిండిపోతుంది. గోల్డ్ ఫిష్ ఈ తొట్టెకు తగదు; అది పెద్దదవుతుంది, చాలా మలినం వదులుతుంది. నాచు తింటుందని అంటగట్టే మామూలు ప్లెకో కూడా అడుగు పొడవు దాటి పెరుగుతుంది.

లైటు ఆర్పి, సంచిని పావుగంట నీళ్ల మీద తేలనివ్వండి. తర్వాత ఐదు నిమిషాలకోసారి అర కప్పు తొట్టె నీళ్లు సంచిలో పోస్తూ ఇంకో పావుగంట గడపండి. చేపలను వలతో తీసి వదలండి, సంచిలోని నీళ్లు మాత్రం తొట్టెలో పోయకండి.

ఆ తర్వాత వారానికోసారి పావు వంతు నీళ్లు, సైఫన్ గొట్టంతో రాళ్ల మధ్య మురికి లాగుతూ మార్చండి. హీటర్ ప్లగ్ ముందే తీసేయాలి, నీళ్లు లేకుండా వేడెక్కితే గాజు పగులుతుంది. ఫిల్టర్ ధార తగ్గినప్పుడు స్పాంజ్‌ను తొట్టెలోంచి తీసిన నీళ్లలోనే రెండు మూడుసార్లు పిండి తిరిగి పెట్టండి. కొత్తదానిలా మెరవనక్కర్లేదు. నెలకోసారి మార్చమని డబ్బా మీద రాసి ఉన్నా, చిరిగిపోయేదాకా మార్చొద్దు. మార్చాల్సి వస్తే కొత్తది పాతదాని పక్కనే నెలపాటు నడిపి, అప్పుడు పాతది తీయండి.

చేప ఎప్పుడైనా నీరసంగా కనిపిస్తే మందు సీసా తీసేముందు టెస్ట్ కిట్ తీయండి. అమ్మోనియా గానీ నైట్రైట్ గానీ కనిపిస్తే ముందు నీళ్లు మార్చండి. రెండూ సున్నా ఉంటేనే జబ్బు గురించి ఆలోచించండి.