ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ దరఖాస్తు విధానం: డిగ్రీ నుంచి నడక పరీక్ష దాకా

ఈ సర్వీసుకు మొదటి గడప డిగ్రీ. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం, భౌతికశాస్త్రం, రసాయనశాస్త్రం, గణితం, స్టాటిస్టిక్స్, జియాలజీ, పశువైద్యం - వీటిలో ఒక్క సబ్జెక్టయినా డిగ్రీలో చదివి ఉండాలి. అగ్రికల్చర్, ఫారెస్ట్రీ, ఇంజినీరింగ్ డిగ్రీలూ చెల్లుతాయి. బీఏ చేసినవారు గణితమో స్టాటిస్టిక్సో చదివి ఉంటే సరే, లేకపోతే అర్హత లేదు. పరీక్ష జరిగే ఏడాది ఆగస్టు 1 నాటికి 21 ఏళ్లు నిండి ఉండాలి, 32 నిండకూడదు. ఓబీసీలకు మూడేళ్లు, ఎస్సీ, ఎస్టీలకు ఐదేళ్లు సడలింపు ఉంది.

2013 నుంచి సివిల్స్‌కూ దీనికీ ప్రిలిమ్స్ ఒక్కటే. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. యూపీఎస్సీ పోర్టల్‌లో ఫారెస్ట్ సర్వీసుకు కూడా దరఖాస్తు చేస్తున్నట్టు విడిగా చెప్పాలి. సివిల్స్‌ ఒక్కటే ఎంచుకుంటే ఎన్ని మార్కులొచ్చినా ఫారెస్ట్ మెయిన్స్‌కు పిలుపు రాదు. రెండింటి కటాఫ్‌లు వేరు, దీనిది సాధారణంగా ఎక్కువే. ఫీజు 100 రూపాయలు. మహిళలు, ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులు కట్టక్కర్లేదు. పరీక్ష కేంద్రాలు ముందు దరఖాస్తు చేసినవారికి ముందు దక్కుతాయి. విజయవాడో, వరంగలో కావాలంటే చివరి తేదీ దాకా ఆగకండి.

బీసీ అభ్యర్థులు ఒకటి గమనించాలి. మీసేవలో తీసుకున్న రాష్ట్ర బీసీ సర్టిఫికెట్ ఇక్కడ చెల్లదు. కులం కేంద్ర ఓబీసీ జాబితాలో ఉందో లేదో ముందు చూసుకోండి. ఉంటే కేంద్ర నమూనాలో నాన్-క్రీమీలేయర్ (ఓబీసీల్లో సంపన్న శ్రేణికి చెందరని చెప్పే) సర్టిఫికెట్ దరఖాస్తు గడువులోపే చేతిలో ఉండాలి.

మెయిన్స్ మొత్తం ఇంగ్లిష్‌లోనే రాయాలి, తెలుగు మీడియం అవకాశం లేదు. ఆప్షనల్స్ (మనం ఎంచుకునే సబ్జెక్టులు) రెండు. అగ్రికల్చర్‌తో ఫారెస్ట్రీ, గణితంతో స్టాటిస్టిక్స్ కలిపి తీసుకోనివ్వరు. మెయిన్స్ 1400, ఇంటర్వ్యూ 300 మార్కులు.

ఎత్తు పురుషులకు 163, మహిళలకు 150 సెంటీమీటర్లు ఉండాలి. ఎస్టీలకు 152.5, 145 చాలు. ఊపిరి పూర్తిగా పీల్చినప్పుడు ఛాతీ 84 (మహిళలకు 79) సెంటీమీటర్లు రావాలి, వ్యాకోచం కనీసం 5 ఉండాలి. నాలుగు గంటల్లో పురుషులు 25, మహిళలు 14 కిలోమీటర్లు నడవాలి. 25 కిలోమీటర్లంటే కిలోమీటరుకు 9 నిమిషాల 36 సెకన్లు, మామూలు నడకకు అందని వేగం. మొదటి పది కిలోమీటర్లు ఉత్సాహంగా వేసేసి, పద్దెనిమిదో కిలోమీటరు దగ్గర పిక్కలు పట్టేసి కూలబడితే ఏళ్ల చదువు వృథా అవుతుంది. నాలుగైదు నెలల ముందు నుంచే వారానికోసారి దూరం పెంచుతూ నడవండి. సాధన చేసిన బూట్లే ఆ రోజూ వేసుకోండి. కొత్తవి వేస్తే మడమ బొబ్బలెక్కి వేగం పడిపోతుంది.