ప్లాటినం-కోబాల్ట్ యాక్టివిటీ తక్కువగా వస్తోందా? సింథసిస్ మార్చకముందే సెల్‌లో క్లోరైడ్ ఉందేమో చూడండి

థీసిస్ గడువు దగ్గరపడితే ఫ్యూయల్ సెల్‌లలో ఆక్సిజన్ రిడక్షన్‌కు కేటలిస్టులు చేసే విద్యార్థుల నుంచి హనుమకొండలో నాకు వచ్చే ఫోన్ దాదాపు ఒకటే. "అన్నా, నా ప్లాటినం-కోబాల్ట్ మామూలు ప్లాటినం-కార్బన్ కంటే తక్కువ చూపిస్తోంది. సింథసిస్ మళ్లీ చేయాలా?" వద్దు తమ్మీ. అదే సెల్‌లో (ఎలక్ట్రోడ్లు ముంచి కొలిచే గాజుపాత్రలో), ఈ రోజే, కమర్షియల్ ప్లాటినం-కార్బన్ (కార్బన్ మీద ప్లాటినం రేణువులున్న రెడీమేడ్ కేటలిస్ట్) రన్ చేసినవా? పదిమందిని అడిగితే ఎనిమిదిమంది చేయలేదనే చెబుతారు. పోయిన నెల డేటాతో పోలుస్తున్నామంటారు. గంటన్నర పట్టే ఈ చెక్ వదిలేసి వారాల తరబడి ఫర్నేస్ చుట్టూ తిరుగుతున్నారు. చూస్తుంటే బాధేస్తుంది.

రెండూ తక్కువగా వస్తే తప్పు సెల్‌ది. అల్లాయ్ ఒక్కటే తక్కువైతే అప్పుడు అల్లాయ్ వైపు చూడాలి. మిగతాదంతా ఆ తర్వాతే.

లిమిటింగ్ కరెంట్ తక్కువ, ప్లాటో వాలుగా ఉంది

లిమిటింగ్ కరెంట్ అంటే ఆక్సిజన్ ఎంత వేగంగా చేరగలిగితే అంతవరకే వచ్చే గరిష్ఠ కరెంట్, కర్వ్‌లో అది చదునుగా సాగే భాగమే ప్లాటో. తిరిగే ఎలక్ట్రోడ్‌తో 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ యాసిడ్‌లో 25 డిగ్రీల దగ్గర 1600 ఆర్‌పీఎంకు చదరపు సెంటీమీటరుకు సుమారు 5.7 నుంచి 6 మిల్లీ ఆంపియర్లు రావాలి. నాలుగున్నర దగ్గర ఆగిందంటే ఎలక్ట్రోడ్ మీద కేటలిస్ట్ ఫిల్మ్ సరిగా పరుచుకోలేదు, లేదా ఆక్సిజన్ అరగంట కూడా పోనివ్వలేదు. మే నెలలో మన దగ్గర ఫ్యాన్ కింద ఇంక్ (ఆల్కహాల్‌లో కలిపిన కేటలిస్ట్) ఆరబెడితే ఆల్కహాల్ క్షణాల్లో ఎగిరిపోయి, కేటలిస్ట్ అంచున రింగులా పేరుకుంటుంది, మధ్యలో గ్లాసీ కార్బన్ బయటపడుతుంది. ఫ్యాన్ ఆపి, బీకరు బోర్లించి, లేదా ఎలక్ట్రోడ్‌ను 700 ఆర్‌పీఎం దగ్గర తిప్పుతూ ఆరబెట్టండి. ఇందులో అంతకన్నా లోతు లేదు.

లిమిటింగ్ కరెంట్ బాగుంది, కానీ హాఫ్-వేవ్ ఎడమకు జరిగింది

హాఫ్-వేవ్ అంటే కరెంట్ లిమిటింగ్ కరెంట్‌లో సగానికి చేరే వోల్టేజీ, అది ఎడమకు జరిగితే యాక్టివిటీ తగ్గినట్టు. నన్ను ఆరు వారాలు తిప్పింది ఇదే. కర్వ్ చూడటానికి ఆరోగ్యంగా ఉంటుంది. ప్లాటో చదునుగా ఉంటుంది, రిపీట్ చేస్తే అదే వస్తుంది. 0.9 వోల్టుల దగ్గర మాస్ యాక్టివిటీ (ప్లాటినం బరువుకు వచ్చే కరెంట్) మాత్రం సగం కూడా ఉండదు. మేము కోబాల్ట్ కరిగిపోతోందనుకున్నాం. యాసిడ్ వాష్ మార్చాం, అనీలింగ్ ఉష్ణోగ్రత మార్చాం. చివరికి ఒక రోజు రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ (వోల్టేజీని దేనితో పోల్చి కొలుస్తామో అది) బయటికి తీసి లైటు కింద చూస్తే కొసన ఉన్న ఫ్రిట్ (సన్న రంధ్రాల బిరడా) మీద తెల్లటి పొర కనిపించింది.

అది సంతృప్త పొటాషియం క్లోరైడ్ నింపిన సిల్వర్-సిల్వర్ క్లోరైడ్ ఎలక్ట్రోడ్. దాన్ని పెర్‌క్లోరిక్ యాసిడ్‌లో ముంచితే ఒకేసారి రెండు తప్పులు జరుగుతాయి. లోపలి పొటాషియం, బయటి పెర్‌క్లోరేట్ కలిసి సరిగా కరగని పొటాషియం పెర్‌క్లోరేట్‌గా ఫ్రిట్‌లో గడ్డకడతాయి, దాంతో రిఫరెన్స్ పొటెన్షియల్ జరుగుతుంది. 30 మిల్లీవోల్టులు తప్పినా చాలు, 0.9 వోల్టుల దగ్గర చదివే యాక్టివిటీ దాదాపు మూడు రెట్లు మారిపోతుంది. రెండోది, క్లోరైడ్ బయటికి కారుతుంది. అది ప్లాటినం సైట్లను పట్టుకుని కూర్చుంటుంది. ఆక్సిజన్ బంధం తెగడానికి పక్కపక్కన ఖాళీ సైట్లు దొరకవు, పెరాక్సైడ్ పెరుగుతుంది. లిమిటింగ్ కరెంట్‌ను నిర్ణయించేది డిఫ్యూజన్ కాబట్టి క్లోరైడ్ కొద్దిగా ఉన్నప్పుడు అది పెద్దగా కదలదు. మనం మోసపోయేది అక్కడే.

ఎంత క్లోరైడ్ చాలు? 10⁻⁴ మోలార్ ఉంటే యాక్టివిటీ సుమారు పదో వంతుకు పడిపోతుంది. 100 మిల్లీలీటర్ల ఎలక్ట్రోలైట్‌ను ఆ స్థాయికి తేవడానికి సంతృప్త ద్రావణం రెండున్నర మైక్రోలీటర్లు చాలు, అంటే ఒక చుక్కలో ఇరవయ్యో వంతు. లీటరుకు 250 మిల్లీగ్రాముల దాకా క్లోరైడ్ ఉన్న నీళ్లు తాగడానికి పనికొస్తాయని మన ప్రమాణాలే చెబుతున్నాయి. 10⁻⁴ మోలార్ అంటే లీటరుకు మూడున్నర మిల్లీగ్రాములే. బోరు నీళ్లతో, ఆర్వో క్యాన్ నీళ్లతో చివరిసారి కడిగిన సెల్ ఎందుకు పనికిరాదో ఇప్పుడు అర్థమై ఉంటుంది. ఆక్వా రీజియాలో నానబెట్టిన గాజుసామాను, ఎండాకాలం చెమట చేతులతో పట్టుకున్న ఎలక్ట్రోడ్ కొస కూడా ఇదే కోవలోకి వస్తాయి.

సిల్వర్ నైట్రేట్ చుక్క వేసి చూశాం, తెల్లబడలేదు అంటారు. ఆ పరీక్షకు కనిపించనంత తక్కువ క్లోరైడ్ కూడా ప్లాటినాన్ని ఇబ్బంది పెడుతుంది. దాని మీద ఆధారపడకండి. నైట్రోజన్‌లో తీసిన సీవీని (సైక్లిక్ వోల్టామెట్రీ కర్వ్‌ను) మీ పాత, శుభ్రమైన సీవీ మీద పెట్టి చూడండి. ఆక్సైడ్ మొదలయ్యే చోటు కుడికి జరిగి, ఆక్సైడ్ రిడక్షన్ పీక్ చిన్నదైతే క్లోరైడ్‌నే అనుమానించండి.

పరిష్కారం: ఆ రిఫరెన్స్‌ను సెల్‌లోంచి తీసేయండి. చిన్న గాజుగొట్టంలో ప్లాటినం తీగ పెట్టి, అదే యాసిడ్ నింపి, హైడ్రోజన్ బుడగను నిలబెట్టి ఆర్‌హెచ్‌ఈ (రివర్సిబుల్ హైడ్రోజన్ ఎలక్ట్రోడ్) చేసుకోండి. పొద్దున పది నిమిషాల పని. తప్పనిసరై పాతదే వాడాలంటే, మధ్యలో 0.1 మోలార్ పెర్‌క్లోరిక్ యాసిడ్ నింపిన రెండో గది పెట్టి, ఆ యాసిడ్‌ను రోజూ మార్చండి. పాత రిఫరెన్స్ రీడింగ్‌కు లెక్క ప్రకారం 0.197 కలిపి, పీహెచ్‌ను 0.059తో గుణించి అదీ కలిపి సరిపెట్టకండి. ఎలక్ట్రోలైట్‌లో హైడ్రోజన్ పోనిచ్చి, ప్లాటినం తీగ మీద నెమ్మదిగా స్కాన్ చేసి, కరెంట్ సున్నా దాటిన చోటును ఆ రోజు సున్నాగా తీసుకోండి. గాజుసామానును రాత్రంతా సల్ఫ్యూరిక్ యాసిడ్‌లో ఉంచి, 18.2 మెగా ఓమ్ అతిశుద్ధ నీళ్లలో నాలుగైదుసార్లు మరిగించండి. కొత్త సెల్, కొత్త యాసిడ్, అదే ఫిల్మ్‌తో మళ్లీ రన్ చేస్తే హాఫ్-వేవ్ కుడికి తిరిగి వస్తుంది. పూర్తిగా రాకపోతే కొత్త ఫిల్మ్ వేసి మరోసారి చూడండి. క్లోరైడ్ ఉన్న చోట సైక్లింగ్ చేసి ఉంటే కొంత ప్లాటినం నిజంగానే కరిగిపోయి ఉంటుంది.

కమర్షియల్ బాగుంది, అల్లాయ్ ఒక్కటే తక్కువ

ఇక్కడా మొదటి అనుమానం క్లోరైడ్ మీదే. క్లోరోప్లాటినిక్ యాసిడ్‌తో చేసిన పౌడర్‌లో వాష్ తగ్గితే క్లోరైడ్ మిగిలిపోతుంది. వేడి నీళ్లతో మళ్లీ కడిగి చూడండి. తర్వాత లోడింగ్ సంగతి, అంటే ఎలక్ట్రోడ్ మీద నిజంగా ఎంత ప్లాటినం ఉందన్నది. ప్లాటినం శాతాన్ని రెసిపీ నుంచి తీసుకోకుండా ఐసీపీలో (లోహాల మోతాదు కొలిచే పరికరంలో) కొలిపించండి.

ఆశ్చర్యపోయేంత ఎక్కువ వస్తే

కౌంటర్ ఎలక్ట్రోడ్ (కరెంట్ సర్క్యూట్‌ను పూర్తిచేసే రెండో ఎలక్ట్రోడ్) ప్లాటినం తీగ అయితే కార్బన్‌కు మార్చండి. సైక్లింగ్‌లో ఆ తీగ కరిగి మీ ఎలక్ట్రోడ్ మీద పేరుకుంటుంది. రొటేటర్ బ్రష్, పొటెన్షియోస్టాట్ పాడవడం నేను చాలా అరుదుగా చూశాను, వాటి జోలికి చివర్లోనే వెళ్లండి.