కొలనోస్కోపీకి ముందురోజు ఇంట్లో ఏం చేయాలి?

మా అన్నయ్యకి విరేచనంలో రక్తం పడితే మొలలనుకున్నాం. ఏడాదిన్నర నాటుమందులు, లేపనాలతోనే గడిచిపోయింది. పెద్దపేగు క్యాన్సర్ అని తేలేసరికి ఆయనకు 52. మన దగ్గర ప్రభుత్వం జనానికి చేసే క్యాన్సర్ స్క్రీనింగ్ నోటికి, రొమ్ముకి, గర్భాశయ ముఖద్వారానికే. పేగు సంగతి మనమే చూసుకోవాలి. తోబుట్టువులకో అమ్మానాన్నలకో ఈ జబ్బు వస్తే 40 ఏళ్లకి గానీ, వాళ్లకు బయటపడిన వయసుకి పదేళ్ల ముందు గానీ, ఏది ముందైతే అప్పుడు కొలనోస్కోపీ (మలద్వారం గుండా కెమెరా ఉన్న సన్నటి గొట్టం పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించుకోవాలని డాక్టర్ చెప్పారు. నాకప్పటికే 46!

పరీక్ష అరగంటే. అసలు పనంతా ఇంట్లోనే.

వారం ముందే మీరు వాడే మాత్రలన్నీ డాక్టర్‌కి చూపించండి. రక్తం పల్చబడేవి, షుగర్‌వి మీ అంతట మీరు ఆపొద్దు. పరీక్షకు ముందు మూడు రోజులు ఆకుకూరలు, జామకాయ, టమాటా, నువ్వులు, రాగులు మానేయాలి. గోంగూర పచ్చడి జాడీని అటకెక్కించాను. తెల్లన్నం, పెరుగు, ఇడ్లీ, గుడ్డు తినొచ్చు. ముందురోజు కొబ్బరినీళ్లు, వడకట్టిన నిమ్మరసం, పాలు పోయని టీ లాంటివే. ఎర్రరంగు పానీయాలు వద్దు, లోపల చూస్తే రక్తంలా కనిపిస్తాయట.

ఇక పేగు శుభ్రం చేసే మందు. నాకిచ్చిన పొడి రెండు లీటర్ల నీళ్లలో కలపాలి. సగం రాత్రి, సగం తెల్లవారుజామున. ఉప్పగా, జిడ్డుగా ఉంటుంది. ఫ్రిజ్‌లో పెట్టి, మధ్యమధ్య నిమ్మచెక్క వాసన చూస్తూ, పావుగంటకో గ్లాసు చొప్పున తాగండి. నేను గబగబా తాగి మూడో గ్లాసుకి కక్కేశాను. కాసేపాగి మళ్లీ మొదలెట్టాను. గంట అటూఇటుగా పరుగు మొదలవుతుంది, ఆ రాత్రికి బాత్రూమ్ మీదే అని ఇంట్లో చెప్పేయండి. మంట పుట్టకుండా ముందే కొబ్బరినూనె రాసుకోండి, ఈ ముక్క ఏ కాగితంలోనూ రాయరు.

చివరికి లేత పసుపు నీళ్లలా రావాలి. ఇంకా మడ్డిగానే ఉంటే సిగ్గుపడకుండా నర్సుకి చెప్పండి. పేగు శుభ్రంగా లేకపోతే పరీక్ష మళ్లీ చేయాల్సి రావచ్చు, అంటే మళ్లీ రెండు లీటర్లు.

మత్తు ఇస్తారు కాబట్టి తోడు మనిషి ఉండాలి, ఆ రోజు బండి నడపకూడదు. నాకు పల్లీ గింజంత పాలిప్ (పేగు లోపలి గోడ మీద పెరిగే చిన్న కండ) కనిపిస్తే అక్కడికక్కడే తీసేశారు, నాకు తెలియనే లేదు. అలాంటిది క్యాన్సర్‌గా మారాలంటే సాధారణంగా పదేళ్ల దాకా పడుతుందట. నన్ను మాత్రం ఐదేళ్లకే మళ్లీ రమ్మన్నారు.

మా చెల్లికి 41. తన పరీక్ష వచ్చే మంగళవారం. నిమ్మకాయలు కొనిపెట్టాను.